మేస్త్రీ కూర్చున్న కుర్చీ

మేస్త్రీ కూర్చోగా నేను చూసింది ఒకే ఒక్క కుర్చీలో. అదీ ఆయనది కాదు.

మొన్న ఒక పెళ్ళికి వెళ్తే భోజనాల హాలు నిండా పోతపోసిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీలే. నా ముందు వరసలో ఒక భారీ మనిషి లేచి వెళ్ళాడు. ఆ వెంటనే ఒక చిన్నపిల్ల ఎక్కి కూర్చుంది. కుర్చీకి ఏమీ పట్టినట్టు లేదు. ఎవరు కూర్చున్నా, ఎవరు లేచిపోయినా దానికి ఒకటే. మేస్త్రీ చూసి ఉంటే మొహం చిట్లించి, "దీనికి మనుషులు గుర్తుండరు అమ్మణ్ణీ, ఇదేం కుర్చీ!" అనేవాడు. పోయి ఇన్నేళ్ళయిన మనిషి గొంతు అంత స్పష్టంగా వినపడేసరికి, వడ్డించిన విస్తరి ముందు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కావిడ నేను పచ్చిమిరపకాయ కొరికాననుకుని మంచినీళ్ళ గ్లాసు అందించింది.

నాకు పెళ్ళయి నెల్లూరు పక్క నుంచి మద్రాసు పెరంబూరుకి వచ్చిన కొత్త అది. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో పని. మేముండే కాంపౌండుకి ఒకటే గేటు, నడిమి వాకిలి, అటూ ఇటూ పోర్షన్లు, చివర అందరికీ కలిపి ఒక కుళాయి. ఆ కుళాయిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ముసలి మేస్త్రీ ఒక్కడే ఉండేవాడు. అసలు పేరు ఇంటి ఓనరుకైనా తెలుసో లేదో, అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. కుర్చీలకు, ఆయన అరవ మాటలో నార్కాలీలకు, తాడు అల్లడం ఆయన పని. నూలు తాడయినా అల్లేవాడు, అప్పుడప్పుడే వస్తున్న రంగురంగుల ప్లాస్టిక్ వైరయినా అల్లేవాడు. వైరు అల్లేటప్పుడు మాత్రం బలవంతాన మందు మింగుతున్నట్టు మొహం పెట్టేవాడు.

ఆయన సగం పని కాలితోనే. నేలమీద బాసింపట్టు వేసుకుని, చట్రాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తాడు కొసని ఎడమకాలి వేళ్ళ సందున బిగించి పట్టేవాడు. ముందు నిలువు వరసలు లాగి, తర్వాత అడ్డం వరసలు రెండు మీదుగా, రెండు కిందుగా పోనిచ్చేవాడు. ఒక్కో వరసనూ చెక్కమేకుతో కొట్టి దగ్గరికి జరిపేవాడు. మొత్తం అయ్యాక చట్రాన్ని నిలబెట్టి, అరచేత్తో ఒక్క చరుపు చరిచి చెవి ఒగ్గేవాడు. డప్పులా మోగితే సరే. మోగకపోతే విప్పి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఆ చరుపుకి మా అత్తగారు మధ్యాహ్నం కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, "వీడి చేతులు పడిపోనూ" అని తిట్టుకుని మళ్ళీ పడుకునేది.

ఇన్ని కుర్చీలు చేతుల్లోంచి పోతున్నా ఆయన మాత్రం వేటిలోనూ కూర్చునేవాడు కాదు. ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడూ కాదు. ఒక ఆదివారం మా ఆయన బజారు నుంచి సంచీ మోసుకొచ్చి, ఆయాసంతో షెడ్డు ముందున్న కొత్త కుర్చీలో కూలబడ్డాడు. మేస్త్రీ తేలు కుట్టినట్టు అరిచాడు.

"లెయ్యండి సార్! అయ్యయ్యో, లెయ్యండి! కొత్త తాడు అది. మొదట ఎవురు కూచుంటే వాళ్ళ కొలతే పట్టుకుంటాది. పరాయోళ్ళ నార్కాలిలో మీ గుంట ఎందుకు సార్?"

మా ఆయన సంచీ వదిలేసి లేచి నిలబడ్డాడు. "నా గుంటకేం తక్కువ?" అన్నాడు ఉక్రోషంగా. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఆ మాట మీద పోట్లాటలూ, నవ్వులూ నడిచాయి.

పాత కుర్చీ వచ్చిందంటే తాడు కోసేముందు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, అందులో కూర్చునే మనిషి జాతకం చెప్పేవాడు. ఆయన చెప్పేవాటిలో సగం తప్పులే. ఒకసారి నడిమికంటా కుంగిపోయిన కుర్చీ ఒకటి వచ్చింది. "ఈయన బాగా ఒళ్ళున్న మనిషి. కూచున్న చోట నుంచి కదలడు. రొంబ మొండోడు" అని మాకందరికీ ప్రకటించాడు. సాయంత్రం దాని సొంతదారు వచ్చాడు. గాలి వేస్తే పడిపోయేట్టున్న స్కూలు మాస్టారు. "మేం దాని మీద కూర్చోమండీ, బియ్యం మూట పెట్టుకుంటాం" అన్నాడు పాపం, సిగ్గుపడుతూ. మేం నవ్వుతుంటే మేస్త్రీ ఏమాత్రం తొణక్కుండా, "కదల్లేదు గదా మరి?" అన్నాడు.

అలా గిరాకీ ఎవరైనా వస్తే ఆయన ఒక పట్టాన వదిలేవాడు కాదు. వ్యాసర్పాడిలో వరద నీళ్ళ దగ్గర నుంచి వాళ్ళింటి పిల్లల చదువుల దాకా అన్నీ అడిగేవాడు. వాళ్ళు విడిపించుకుని వెళ్ళాక కూడా మాట్లాడుతూనే ఉండేవాడు. ఆయన షెడ్డుకీ నా వంటింటికీ మధ్య ఒకటే పలచటి గోడ. మా ఆయన షిఫ్టుకి వెళ్ళి, అత్తగారు పడుకున్న వేళల్లో నాకు ఆ మాటలన్నీ వినపడేవి. "కాఫీ తాగతారా?" అని అడిగేవాడు. కాసేపాగి, "వద్దులే, ఇప్పుడే తాగొచ్చినా" అని తనే జవాబు చెప్పుకునేవాడు. మొదట్లో నవ్వొచ్చింది. కొన్నాళ్ళకి, నేనూ ఆ ఊళ్ళో ఎవరూ లేనిదాన్నే కదా, నవ్వు పోయింది.

ఆయనకి కాళహస్తిలో పెళ్ళాం ఉందని కొందరనేవాళ్ళు. అసలు పెళ్ళే కాలేదని కొందరు. నాకు నోరెక్కువ కనక ఒకరోజు అడిగేశాను. "ఉండాల్సినోళ్ళు యాడనో ఒక చోట ఉండారులే" అని తాడు కొస పంటితో కొరికి ఉమ్మేశాడు. ఆ తర్వాత నేను ఆ సంగతి ఎత్తలేదు.

మా వెనక వీధిలో ఒక పెద్దామె ఉండేది. ఆమె భర్త మా ఆయన పనిచేసే వర్క్‌షాపులోనే చేసి రిటైరై, ఆ ఏడే పోయాడు. కూతురు అరక్కోణంలో కాపురం. ఈమె ఒక్కతే ఇంట్లో. మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఒకరోజు ఆమె రిక్షాలో చేతుల కుర్చీ ఒకటి వేయించుకుని వచ్చింది. పాత నూలు తాడు నల్లబడి, వెనకపక్కకి బాగా గుంట పడి ఉంది. ముందంచున కొన్ని పోగులు తెగాయి.

"మేస్త్రీ, ఈ తెగింది మటుకు ముడేసి బిగించండి చాలు. మిగతాది తాకబాకండి" అని చెప్పి వెళ్ళింది. నేను కుళాయి దగ్గరే ఉన్నాను, నా చెవులతో విన్నాను. మేస్త్రీ తల కూడా ఊపాడు.

కానీ ఆయన ఆ మాటని ఎప్పటి గిరాకీల మాటలాగే అర్థం చేసుకున్నాడు. డబ్బుకి వెనకాడే వాళ్ళంతా అలాగే చెప్తారు. ఒంటరి మనిషి, కష్టంలో ఉంది, తన వంతు సాయం చేద్దామనుకున్నాడు. పాత తాడంతా కోసేసి, చట్రాన్ని రుద్ది కడిగి, మంచి కొత్త తాడు తెచ్చి, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా అల్లాడు. అరచేత్తో చరిచి మోత విని, నన్ను కేకేసి మరీ వినిపించాడు. "ఆ తల్లి చూసి ఎంత సంతోషపడతాదో చూడు" అన్నాడు.

పెద్దమ్మ వచ్చి చూసింది. అరవలేదు, తిట్టలేదు. కుర్చీ ముందు నేలమీద కూర్చుని, బిగువుగా ఉన్న కొత్త తాడు మీద అరచెయ్యి పెట్టింది. అటూ ఇటూ జరిపి వెతికింది.

"ఆయన కూచునే చోటు ఏదీ?" అంది.

మేస్త్రీకి అర్థం కాలేదు. "రొంబ గట్టి తాడమ్మా. కూలి ఏమీ వద్దు, ఊరికే..." అంటున్నాడు.

"పెళ్ళయిన కాడి నుంచీ ఇందులోనే కూచున్నాడయ్యా ఆయన. పొద్దుగూకి దీపం పెట్టినాక ఆ గుంటలో చెయ్యి పెట్టుకుని కూచునేదాన్ని. నాకు మిగిలింది అదే. అది తీసేస్తివే!"

మేస్త్రీ లోపలికి పరిగెత్తి, మూలన పడేసిన పాత తాడు ముక్కలన్నీ రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఆమె వాటివంక చూసింది. "తాడు నాకెందుకయ్యా" అంది. లేచి, కుర్చీని అక్కడే వదిలి, గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు షెడ్డులో చరుపుల మోత లేదు. మా అత్తగారే "వీడికి జ్వరమేమో చూడవే" అని నన్ను పంపింది. మేస్త్రీ ఆ కుర్చీ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "అమ్మణ్ణీ, నాతో ఆ తల్లి ఇంటికి వస్తావా? ఆమె ఒక్కతే ఉండే ఇంటికి నేనొకణ్ణే పోతే బాగుండదు" అన్నాడు.

వెళ్ళాం. ఆయన గడప ఇవతలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, తప్పు నాది. ఆ గుంట మళ్ళీ తెస్తాను. ఆయన ఎట్ట కూచునేవారో చెప్పండి చాలు. అట్టనే కూచుంటాను" అన్నాడు.

పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఏమ్మా, ఈయనకి మతి ఉండాదా?"

"నాకూ తెలీదు పెద్దమ్మా" అన్నాను. నిజంగానే తెలీదు.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గోడకి ఆనుకుని, "ఎడమకాలు మడిచి కింద పెట్టుకునేవాడు" అని మొదలుపెట్టింది. "కుడి పక్కకి ఒరిగేవాడు, రేడియో ఆ పక్కన ఉండాది గదా. కాఫీ ఇస్తే ఒరిగిందాన ఒరిగే తాగేవాడు, చొక్కా మీద పోసుకునేవాడు..." చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఆయన పోయాక ఆమె నవ్వడం నేను అదే చూడటం. మేస్త్రీ ఒక్కో మాటకీ "ఆమా, ఆమా" అని తలూపుతూ, నిలబడ్డ చోటే కుడిపక్కకి ఒరిగి చూసుకుంటున్నాడు.

"మనిషి బరువెంతమ్మా?" అని అడిగాడు చివర్లో.

"మీకు రెండింతలు" అంది ఆమె.

మర్నాటి నుంచి మా కాంపౌండుకి మంచి వినోదం దొరికింది. సాయంత్రం షిఫ్టు అయిపోయినట్టు వర్క్‌షాపు సంగు ఊదగానే మేస్త్రీ పని కట్టేసి, కాళ్ళు కడుక్కుని, ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఎడమకాలు మడత. కుడిపక్కకి ఒరుగు. ఒళ్ళో ఇసక నింపిన సిమెంటు సంచి. రేడియో లేదు గనక చెవి కుళాయివైపు పెట్టేవాడు. "మేస్త్రీ ఇప్పుడు మద్రాసుని ఏలుతున్నాడు" అని మా ఆయన పాత కసి తీర్చుకున్నాడు. మేస్త్రీ ఒరుగు చెడుతుందని తల కూడా తిప్పేవాడు కాదు. లేచేటప్పుడు మాత్రం తిమ్మిరెక్కిన కాలిని రెండు చేతులా పట్టుకుని దించుకునేవాడు.

పెద్దమ్మ శుక్రవారం కోవెల నుంచి వస్తూ ఆగి చూసి పోయేది. మొదట గేటు దగ్గర నిలబడే, "ఇంకా రాలా" అని వెళ్ళిపోయేది. తర్వాత తర్వాత లోపలికి వచ్చి, "అట్ట గాదు, ఇంకా కాస్త ఈ పక్కకి" అని సరిచేసేది. మేస్త్రీ ఆమె కోసం చాప పరిచి ఉంచేవాడు. నేను కాఫీ ఇచ్చేదాన్ని. ఆమె చాప మీద, ఆయన కుర్చీలో. ఎప్పుడూ నోరు మూయని మనిషి వింటూ కూర్చునేవాడు.

"ఆయన ఇట్ట కూచుని ఏం మాట్టాడేవారమ్మా?" అని ఒకసారి అడిగాడు.

"ఆయన యాడ మాట్టాడాడు! నేను మాట్టాడేదాన్ని, ఆయన రేడియో వినేవాడు."

"సరి. మాట్టాడండి మరి" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజుల్లో నా వంటింటి గోడ అవతల మాటలు ఆగిపోయాయి. దీపావళి వానలు మొదలయ్యాయి. తడిస్తే నూలు తాడు బిగుసుకుంటుందని కుర్చీని షెడ్డులోకి జరిపాడు. జోరువానలో కూడా పెద్దమ్మ గొడుగేసుకుని వచ్చింది. "ఈ వానలో ఎందుకు తల్లీ?" అంటే, "శుక్రవారం గదా" అంది, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ.

వానలు వెలిశాక, ఒక మధ్యాహ్నం నేను బిందెతో కుళాయి దగ్గరికి వెళ్తే షెడ్డు తలుపు ఓరగా ఉంది. మేస్త్రీ ఆ కుర్చీని బోర్లించి, కింది నుంచి చెక్కమేకుతో ఒక్కో వరసనీ ఎత్తి లాగి బిగిస్తున్నాడు. అన్నాళ్ళు కష్టపడి దించిన గుంటని తనే పైకి లేపుతున్నాడు. నన్ను చూసి చేతులు ఆపేశాడు.

"ఏం మేస్త్రీ, గుంట ఎక్కువైందా?" అన్నాను వేళాకోళంగా.

"ఆ తల్లికి చెప్పబాక అమ్మణ్ణీ" అన్నాడు. తల వంచుకుని, తాడు మీద వేలు రాస్తూ, "గుంట సరిపోయిందనుకో, నార్కాలి తీసుకుని పోతాది. ఇంక ఈడికి ఎందుకొస్తాది చెప్పు?" అన్నాడు.

నా వేళాకోళం చచ్చిపోయింది. బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. ఆయన భయం అదన్నమాట. పాపం, అంత ముసలితనంలో ఒక మనిషి రాక కోసం రోజూ సాయంత్రం కూర్చుని పోగుచేసిందాన్ని మధ్యాహ్నం చెరుపుకుంటున్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

అలా కొన్నాళ్ళు లాక్కొచ్చాడు. ఒక శుక్రవారం పెద్దమ్మ వచ్చి, ఆయన్ని లేవమని, ఎప్పటిలాగే కుర్చీలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"సరిపోయింది" అంది.

"ఎడం పక్క ఇంకా కాస్త దిగాలమ్మా" అన్నాడు మేస్త్రీ కంగారుగా.

"లేదు మేస్త్రీ. అచ్చం ఆయనదే. తీసుకుపోతా."

రిక్షా వద్దని మేస్త్రీయే కుర్చీని నెత్తిన పెట్టుకుని వాళ్ళింట్లో దించి వచ్చాడు. వచ్చి, కుర్చీ ఉన్న చోట నేలమీద కూర్చున్నాడు. ఒళ్ళో ఇసక సంచి లేకపోయినా కాలు తిమ్మిరెక్కినట్టు రుద్దుకుంటూ ఉన్నాడు.

పై శుక్రవారం షెడ్డు ఊడ్చి చాప పరిచాడు. ఆమె రాలేదు. ఆ పై శుక్రవారమూ పరిచాడు. చూడలేక నేనే అన్నాను, "మీరే ఒకసారి పోయి పలకరించి రారాదా?"

"ఏం పనుండాదని పోయేది?" అన్నాడు.

నిజమే, ఆయనకి పని లేకుండా మనుషుల దగ్గరికి వెళ్ళడం చేతకాదు. కుర్చీ ఉంటేనే ఆయనకి నోరు. గోడ అవతల మళ్ళీ మాటలు మొదలయ్యాయి. "కాఫీ తాగతారా?" అని అడిగేవాడు. ఇప్పుడు మాత్రం తనే జవాబు చెప్పుకునేవాడు కాదు. అడిగి ఊరుకునేవాడు. నాకు ఆ ఊరుకోవడం వినలేక బిందె తీసుకుని పోయి కుళాయి తిప్పేదాన్ని.

తర్వాత ఎంతో కాలం ఉండలేదు. ఒక వేసవి పొద్దున షెడ్డు తలుపు తియ్యకపోతే మా ఆయనా, ఇంకో ఇద్దరూ తోసి చూశారు. నిద్రలోనే పోయాడు. కాళహస్తి నుంచి గానీ ఇంకెక్కణ్ణించి గానీ ఎవరూ రాలేదు. కాంపౌండు మగవాళ్ళే అన్నీ జరిపించారు. పెద్దమ్మకి చెప్పాలని నాకు ఆ సాయంత్రం గానీ తట్టలేదు.

వెళ్ళేసరికి ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కుర్చీ కిటికీ పక్కన ఉంది. "మేస్త్రీ పోయాడు పెద్దమ్మా" అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాసేపటికి కుర్చీవైపు చూపించింది.

"ఒక మాట చెప్తా వినమ్మా. అది మా ఆయన గుంట గాదు."

నేను కుర్చీ దగ్గరికి వెళ్ళి చూశాను.

"ఆయనది వెనక్కి, బాగా లోపలికి ఉండేది. కుడికాలు చాపుకుని మారాజులా కూచునే మనిషి. ఇది ముందంచున ఉండాది. కాలు మడిచినా, పక్కకి ఒరిగినా, మేస్త్రీ ఎప్పుడూ కొసనే గదా కూచున్నాడు, పరాయి సొత్తని! చెయ్యి పెడితే నాకు తెలీదా?"

"మరి అచ్చం ఆయనదే అన్నారే ఆ రోజు?"

"ఎన్నాళ్ళని కూచోబెట్టేది ఆ మనిషిని? అంత బరువు ఒళ్ళో పెట్టుకుని, లేవలేక లేవలేక లేస్తా ఉంటే చూళ్ళేకపోయినా. నా పీడ వదిలితే ఆయన పని ఆయన చేసుకుంటాడని అట్ట చెప్పి తెచ్చుకున్నా."

అప్పుడు చెప్పేశాను. దాచి ఎవరికి లాభం? "పెద్దమ్మా, ఆయన మధ్యాహ్నాలు ఆ తాడు మళ్ళీ బిగించేవాడు. నా కళ్ళతో చూశాను. గుంట పడిపోతే మీరు ఇంక రారని."

పెద్దమ్మ నావంక చూసింది. గోడ పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, తన కాపురంలో ఎన్నడూ కూర్చోని ఆ కుర్చీలో, కొసన, కూర్చుంది.

"పిచ్చి మనిషి" అంది. "ఒక్క మాట చెప్పుంటే ఊరికేనే వచ్చేదాన్ని గదమ్మా."